వేరు దగ్గర వంచాలి

అక్టోబరు మూడో వారం.
రెండుసార్లు గడ్డి మీద తెల్లమంచు పట్టింది.
మానిటోబాలో ఎవరి పంచాంగం వాళ్ళది,
నాకు నువ్వే పంచాంగం.
ఆకు రాల్చవు, రంగు మార్చవు,
ఉత్తరపు గాలి కబురు వినీ విననట్టు
మొండిగా ఇంకో మొగ్గ తొడుగుతావు.

ఆ మొగ్గ కోసి టీ గ్లాసులో పెట్టాను.
మిగిలిన ఆకంతా దూశాను.
రెమ్మలన్నీ పోగేసి పురితాడుతో కట్టాను,
బడి గంట కొట్టేలోపు పిల్ల జడ బిగించినట్టు.
తోలు తొడుగుల్లోంచి కూడా ముళ్ళు దిగాయి.
దిగనీ. ఇన్నేళ్ళ పరిచయానికి ఆమాత్రం చనువుంటుంది.

ఇరవై రెండేళ్ళు ఈ పని ఇద్దరం చేశాం,
హ్నాత్ పారతో, నేను తాడుతో.
"నడుము దగ్గర కాదు ఓరిస్యా, విరుగుతుంది.
అంటు కట్టిన ముడి జోలికి పోకు.
వేరు దగ్గర వంచాలి.
వేరు ఒప్పుకుంటే ఎవరైనా వంగుతారు"
అనేవాడు.
తను మాత్రం వంగలేదు,
గోధుమ గిడ్డంగి మేనేజరుకీ, డాక్టరుకీ,
ఆఖరికి నాకూ.

నీకు ముందున్నదాన్ని మేమే చంపాం, తెలుసా?
కొత్తలో చలి చంపుతుందనుకున్నాం.
దుప్పటి కప్పాం, దాని మీద ప్లాస్టిక్ కప్పాం,
మా మామగారి ఉన్ని కోటు కూడా,
ఇత్తడి బొత్తాలతో సహా.
ఫిబ్రవరిలో నాలుగు రోజులు ఎండ కాసింది.
కోటు లోపల వెచ్చబడి, వసంతమనుకుని,
పాపం, కళ్ళు తెరిచింది.
అయిదో రాత్రి మైనస్ ముప్ఫై ఎనిమిది.
ఏప్రిల్లో విప్పి గోటితో గీరితే
ఎక్కడా పచ్చ లేదు.
కాలిన అగ్గిపుల్లల కట్ట.

మధ్యలో వచ్చి పోయే వెచ్చదనం చంపుతుంది.
మట్టి కప్పేది
చలిని చలిగానే ఉంచడానికి.

పోయిన జనవరిలో హ్నాత్ పోయాడు.
నేల ఇనుము. గునపం దిగదన్నారు.
చర్చి వెనక రాతిగదిలో పెట్టెను ఉంచారు, నేల కరిగేదాకా.
అదే గదిలో పెట్రో కూడా,
కంచె జానెడు ఇటు జరిగిందని
బతికినంతకాలం మాతో పోట్లాడినవాడు.
మూడు నెలలు పక్కపక్కనే పడుకున్నారు,
కంచె లేకుండా.

మా ఊరు మంచిది. నేనేమీ అనను.
బీట్‌రూట్ చారు గిన్నెలు వచ్చాయి, తేనె రొట్టెలు వచ్చాయి.
వచ్చినవాళ్ళు కూర్చున్నారు, నా చెయ్యి పట్టుకున్నారు,
వెచ్చగా నిమిరారు, గడియారం చూసుకున్నారు.
తలుపు మూసుకున్న ప్రతిసారీ
లోపల కాడ ఒకటి చిట్లేది.

తెక్లా ఒక్కతే రాలేదు.
మంచు తోసే బండి నడుపుతుంది, మాట తక్కువ.
రోజూ చీకటితోనే వచ్చి
నా వాకిట మంచంతా ఊడ్చి
ఇంటి గోడకు ఒత్తుగా పేర్చి పోయేది,
కిటికీ సగం మునిగేదాకా.
ఆ తెల్లగోడ వెనక ఒకే చలిలో
నేను మార్చి చివరిదాకా ఉన్నాను.

ఏప్రిల్ ఇరవై ఆరున నేల ఒప్పుకుంది.
పొద్దున అతన్ని లోపల పెట్టాం,
సాయంత్రం నిన్ను బయటికి తీశాను.
పార మధ్యలో కడగలేదు.
నీ రెమ్మ ఒకటి ఎలుక కొరికింది, ఒకటి నా చేతిలో విరిగింది.
మిగతావి జూన్లో పూశాయి, ఎప్పటి ఎరుపే,
కాస్త ఆలస్యంగా.

సరే, ఇప్పుడు నీ పక్కన గొయ్యి సిద్ధం.
తాడూ పారా రెండూ నా చేతుల్లోనే,
అందుకే మోకాలు కూడా వాడుతున్నాను, ఏమనుకోకు.
వంగవే తల్లీ.
నడుము కాదు, కింద, ఇంకా కింద...
ఆ. విన్నావా?
వేరు చిన్నగా మూలిగింది.
మంచం మీద అటు తిరిగి పడుకునేటప్పుడు
ఆయన మూలిగినట్టే.

మట్టి కప్పాను. ఓక్ ఆకులు, పైన స్ప్రూస్ మండలు.
ఎలుకల మందు రెండు పొట్లాలు.
మిగతాది మంచు చూసుకుంటుంది, తెక్లా చూసుకుంటుంది.

వంటింట్లోకి వస్తే
టీ గ్లాసులో మొగ్గ విచ్చుకుంటోంది.
పొయ్యి వెచ్చదనాన్ని నమ్మేసింది.
నేను కోటు విప్పి, కెటిల్ పెట్టి,
దాని ఎదురుగా కూర్చున్నాను.
ఏమీ చెప్పలేదు.